పబ్బులో మంచినీళ్ళు

మా చిన్నప్పుడు విజయనగరంలో మా వీధి నుంచి కోట వైపు వెళ్ళడానికి రెండు దారులుండేవి. దగ్గర దారిలో సారాకొట్టు ఉండేది. అంచేత మా మామ్మ ఎప్పుడూ మమ్మల్ని చుట్టుదారినే నడిపించేది, ఎండలో కాళ్ళు బొబ్బలెక్కుతున్నా సరే. “ఆ గాలి కూడా మనకి తగలకూడదే అమ్మీ” అనేది. అలా పెరిగిన నేను, అరవై దాటిన వయసులో, నేతచీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, ఇంగ్లండులో ఓ పల్లెటూరి పబ్బు గుమ్మంలోంచి తలొంచుకుని లోపలికి అడుగు పెట్టానంటే ఆవిడ ఏమనేదో మీరే ఊహించుకోండి. తలొంచింది సిగ్గుతో కాదు లెండి. గుమ్మం అంత కిందికి ఉంది!

అసలు మేం బయల్దేరింది పబ్బుకి కాదు, నూతికి. మా అమ్మాయీ అల్లుడూ లండనుకి పడమరగా రెడింగ్ అనే ఊళ్ళో ఉంటారు. మేం వెళ్ళిన రెండో ఆదివారం మా అల్లుడు, “అత్తయ్యగారూ, రోజూ కోటలూ మ్యూజియాలూ చూసి విసుగెత్తి ఉంటుంది మీకు. ఇవాళ కాశీరాజుగారు తవ్వించిన నుయ్యి చూపిస్తాను, రండి” అన్నాడు. ఇంగ్లండులో కాశీరాజు నుయ్యేమిటి, ఈ అబ్బాయికి వేళాకోళం ఎక్కువైందనుకున్నాను. తీరా వెళ్తే నిజమే.

ఆ ఊరి పేరు స్టోక్ రో. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చిల్టర్న్ కొండల మీద ఉంది. అవన్నీ సుద్దరాతి కొండలు. ఎంత వాన కురిసినా నీరు కిందికి ఇంకిపోవడమే తప్ప పైన నిలవదు. వర్షాలకి పేరుపడ్డ దేశంలో ఉండి ఆ పల్లెవాళ్ళు వేసవి వస్తే నీళ్ళకి కటకటలాడేవారట. ఆ ప్రాంతంవాడే అయిన ఎడ్వర్డ్ రీడ్ అనే దొర మన దేశంలో పెద్ద ఉద్యోగాలు చేశాడు. మా ఊళ్ళో ఒక పిల్లవాడు ఇంట్లో మిగిలిన ఆఖరి గుక్కెడు నీళ్ళూ తాగేశాడని తల్లి చావబాదిందంటూ ఆయన ఒకసారి కాశీ మహారాజుతో చెప్పాడు. ఆ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ సింగ్ ఆ మాట మరిచిపోలేదు. డబ్బు పంపి నుయ్యి తవ్వించాడు. 1864లో అది ఊరివాళ్ళకి అందింది. వెడల్పు 4 అడుగులే గాని లోతు 368 అడుగులు. అంతా చేత్తో తవ్విందే. లండనులో ఆకాశాన్నంటేట్టు నిలబెట్టిన నెల్సన్ స్తంభాన్ని రెండింటిని ఒకదానిమీద ఒకటి పెట్టి దింపినా ఆ నూతిలో మునిగిపోతాయి. పైన ఇనప స్తంభాలమీద మన గుడి శిఖరంలా ఓ గుమ్మటం, నీళ్ళు తోడే చక్రాల మీద బంగారు రంగు ఏనుగు. పక్కన నుయ్యి కాపలావాడికో చిన్న ఇల్లు, దాని ఖర్చులకి రాబడి ఉండాలని చెర్రీ పళ్ళ తోటా వేయించాడు. నుయ్యి తవ్వించినవాళ్ళు చాలామంది ఉంటారు. తాడూ బకెట్టూ తెగితే ఎవడు కొంటాడని కూడా ఆలోచించినవాడు అరుదు.

నుయ్యి చూడ్డం అయ్యేసరికి ఒంటిగంట దాటింది. మావారికి ఆకలేస్తే చరిత్ర మీద గౌరవం పోతుంది. ఆ పల్లెలో భోజనం దొరికే చోటు పబ్బేనన్నాడు అల్లుడు. నేను మొహం చిట్లించాను. “పేరుకే పబ్బు అత్తయ్యా, ఇంట్లోలాగే ఉంటుంది” అన్నాడు.

దాని పేరు క్రూకెడ్ బిల్లెట్. అంటే వంకర కట్టె అని అర్థం. 1642 నాటిదని చెప్తారు. మన విజయనగరం కోటకి శంకుస్థాపన జరిగింది 1713లో. అంటే మన కోటకన్నా ఆ కల్లంగడి డెబ్భై ఏళ్ళు పెద్దదన్నమాట! టైటానిక్ సినిమాలో కథానాయికగా వేసిన కేట్ విన్స్లెట్ 1998లో పెళ్ళి విందు ఇక్కడే చేసుకుందట. ఈ సంగతి మా అమ్మాయి మూడుసార్లు చెప్పింది, నేను లోపలికి రావడానికి అదో అర్హతాపత్రం అన్నట్టు.

ఆరడుగుల మావారు మొదటి దూలానికే నుదురు కొట్టుకున్నారు. నేను మాత్రం గుమ్మం దాటి అలాగే నిలబడిపోయాను. అది దుకాణంలా లేదు. మా అమ్మమ్మగారి పల్లెలో ఇల్లులా ఉంది. పొగచూరిన దూలాలు, ఎత్తు తక్కువ కప్పు, ఓ గదిలోంచి ఇంకో గదిలోకి వంగి వెళ్ళే గుమ్మాలు, మనిషి లోపలికెళ్ళి కూర్చోగలిగేటంత పెద్ద పొయ్యి. అన్నిటికన్నా చిత్రం, అక్కడ కౌంటరు లేదు. సినిమాల్లో చూపిస్తారే, పొడుగాటి బల్ల, వెనక సీసాల వరస, అటు అమ్మేవాడు, ఇటు కొనేవాడు, అదేదీ లేదు. కింద నేలమాళిగలో పీపాలుంటాయి. అందులోంచి పట్టి తెచ్చి బల్లమీద పెడతారు. మన ఇళ్ళలో కొట్టుగదిలోంచి నూనె పట్టుకొచ్చినట్టు.

తరవాత తెలిసింది, పూర్వం పబ్బులన్నీ ఇలాగే ఉండేవట. పబ్బు అంటే ‘పబ్లిక్ హౌస్’ కి పొట్టి పేరు. పదిమందికీ తలుపు తీసిన ఇల్లు. ఆ కట్టడం పుట్టుకే ఇంట్లోంచి వచ్చింది. ఇంట్లోంచి అంటే ఇంకా సరిగ్గా చెప్పాలంటే వంటింట్లోంచి. 500, 600 ఏళ్ళ కిందట ఇంగ్లండు పల్లెల్లో బార్లీతో ‘ఏల్’ కాచే పని ఆడవాళ్ళది. మనకి మజ్జిగ చిలకడం ఎలాగో వాళ్ళకి అదలాగ. అది నాలుగు రోజులకన్నా నిలవ ఉండదు, పులిసిపోతుంది. అంచేత ఇంటికి కాచగా మిగిలితే ఆ ఇల్లాలు గుమ్మం ముందు ఓ కర్ర పాతి, కొసన ఆకుల గుత్తి కట్టేది. ఈ ఇంట్లో ఇవాళ ఏల్ ఉందీ అని గుర్తు. పొరుగువాళ్ళు వచ్చి ఆవిడ పొయ్యి దగ్గరే కూర్చుని తాగి, నాలుగు కాసులిచ్చి పోయేవారు. రేపు అయిపోతే కర్ర పీకేసేది. అంటే పబ్బు తెరవడం మూయడం అంత తేలిక! ఆ ఆకుల గుత్తే పోనుపోను బొమ్మ వేసిన బోర్డయింది. 1393లో రెండవ రిచర్డ్ రాజు లండనులో ఏల్ అమ్మేవాళ్ళందరూ గుర్తు కట్టితీరాలని శాసించాడు. అధికారులొచ్చి సరుకు రుచి చూసి పరీక్ష చెయ్యాలిగా, ఇల్లు ఏదో తెలియొద్దూ? చదువురాని జనం కోసం ఎర్ర సింహం, తెల్ల గుర్రం, వంకర కట్టె, ఇలా బొమ్మలు. అక్కడ పల్లెల్లో ఇప్పటికీ దారి చెప్పేటప్పుడు ‘తెల్ల గుర్రం దగ్గర ఎడమకి తిరుగు’ అంటారు. మనం మూడు లాంతర్ల దగ్గర, గంటస్తంభం దగ్గర అన్నట్టే.

గోడల సంగతి చెప్తే మీరు నవ్వుతారు. ఆ కాలపు పల్లె ఇళ్ళూ పబ్బులూ చాలావాటికి గోడంటే ముందు ఓక్ దుంగల చట్రం. ఆ దుంగల మధ్య ఖాళీల్లో సన్నని కొమ్మలతో తడిక అల్లుతారు. ఆ తడిక మీద మట్టి, గడ్డి, ఆవుపేడ కలిపి మెత్తుతారు. ఆరాక సున్నం కొడతారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో మనవాళ్ళు వెదురు తడికకి మెత్తేదీ అదే కదండీ! తెల్లదొర గోడలోనూ మన గోడలోనూ ఉన్నది ఒక్కటే ఆవుపేడ. తేడా అల్లా దుంగల్లోనూ చలిలోనూ ఉంది. ఓక్ కర్ర చేవ వందల ఏళ్ళు నిలుస్తుంది. తడిక కుళ్ళితే ఆ గడిలో మాత్రం కొత్త తడికో, ఇటుకలో పెట్టుకుంటారు. చట్రం చెక్కుచెదరదు. ఇక చలి కోసం పొయ్యి. కప్పు ఎత్తు తక్కువ పెట్టిందీ, కిటికీలు చిన్నవి పెట్టిందీ ఆ పొయ్యి వేడి బయటికి పోకుండానే. మనం ఇల్లు కట్టేటప్పుడు గాలి ఎలా రప్పించాలా అని చూస్తాం. వాళ్ళు గాలి ఎలా ఆపాలా అని చూస్తారు. ఆ ఒక్క తేడా తీసేస్తే పబ్బు నిర్మాణమంతా మనకి తెలిసిన ఇల్లే.

మరి వంటింట్లో పుట్టింది మగాళ్ళ చేతిలోకి ఎలా పోయింది? 15వ శతాబ్దం నాటికి ఐరోపా నుంచి హాప్స్ అనే చేదు పువ్వులు వచ్చాయి. అవి వేసి కాస్తే బీరు నెలల తరబడి నిలవ ఉంటుంది. నిలవ ఉంటే బళ్ళమీద దూరాలకి పంపొచ్చు. దూరాలకి పంపాలంటే పెద్ద రాగి డేగిసాలు, పీపాలు, పెట్టుబడి కావాలి. పెట్టుబడి అనేసరికి ఇల్లాలి చెయ్యి జారిపోయింది. ఆవకాయ జాడీలోంచి పచ్చళ్ళ కంపెనీ పుట్టినప్పుడు కూడా అంతే కదా! తరవాత తరవాత ఆడదానికి అదే కట్టడంలో చోటు కూడా తగ్గింది. 19వ శతాబ్దంలో పట్టణాల పబ్బుల్లో కౌంటరు బల్ల వచ్చింది. లోపల చెక్క అడ్డలు పెట్టి కూలీలకో గది, షోగ్గాళ్ళకో గది చేశారు. కిటికీలకి లోపలున్నదెవరో కనపడకుండా పువ్వులు చెక్కిన గుడ్డి అద్దాలు వేశారు. ఆడవాళ్ళకి వెనకాల ఓ బుల్లి గది, గోడలో చిన్న కిటికీ, అందులోంచి గ్లాసు చేతికందించడం. లండనులో పత్రికలవాళ్ళ వీధిలో ఎల్ వీనో అనే పేరున్న వైన్ దుకాణంలో ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడకూడదు, వెనక గదిలో కూర్చోవాలన్న ఆచారం చాలాకాలం సాగింది. ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కారు. 1982లో అప్పీలు కోర్టు అది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద కోర్టుకి వెళ్ళాలా అంటారేమో! మన ఇళ్ళలో ముందు గదిలో ఎవరు కూర్చునేవారో, తలుపు వెనక ఎవరు నిలబడేవారో తెలిసినవాళ్ళు అలా అనరు.

భోజనం వచ్చేలోగా మావారు, “మన రాజుగారు కూడా లండనులో ఏదో కట్టించారు కదూ?” అన్నారు. అవును, మన రాజుగారే! మరునాడు రైలెక్కి హైడ్ పార్కుకి వెళ్ళాం. దానికోసమే మరి.

విజయరామ గజపతి మహారాజుగారు కూడా చాలాకాలం కాశీలోనే గడిపారు. స్టోక్ రోలో నుయ్యి తవ్వించిన మూడేళ్ళకి, 1867లో, ఆయన కానుకగా హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చి దగ్గర మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టారు. గోథిక్ పద్ధతిలో, చర్చి గోపురంలా ఎత్తుగా, రాతితో. దాన్ని కట్టించిన సంఘం 1859లో పుట్టింది. దాని చరిత్ర తెలిస్తే మన రాజుగారి కానుక ఎవరిమీద యుద్ధమో అర్థమౌతుంది. పబ్బు మీద!

ఆ రోజుల్లో లండనులో నీళ్ళు తాగడం కన్నా బీరు తాగడం క్షేమం. మాట వరసకి అనడం లేదు. 1854లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో ఒక పంపు నీళ్ళు తాగి వందలమంది కలరాతో పోయారు. ఆ పంపుకి దగ్గర్లోనే బీరు బట్టీలో పనివాళ్ళు మాత్రం చనిపోలేదు, వాళ్ళకి జీతంతోపాటు బీరు ఇచ్చేవారు, ఆ పంపు నీళ్ళ జోలికి పోలేదు. ఆ సంగతి కూపీ లాగి కలరా నీళ్ళలోంచే వస్తుందని చూపించినవాడు జాన్ స్నో అనే డాక్టరు. పాపం మందు ముట్టనివాడు. ఇవాళ ఆ పంపు పక్కనున్న పబ్బుకి ఆయన పేరే పెట్టారు! పోనీ లెండి, అభిమానం. సరే, పేదవాడికి దాహమేస్తే పబ్బు తప్ప గతి లేదు. ఇంకా పైగా 1830లో ఓ చట్టం చేసి, రెండు గినీలు కట్టిన ప్రతివాడికీ బీరమ్ముకునే లైసెన్సు ఇచ్చేశారు. సందుకో పబ్బు వెలిసింది. అంచేత దయగల పెద్దమనుషులు కొందరు, పబ్బులకి ఎదురుగా శుభ్రమైన నీళ్ళిచ్చే రాతి ఫౌంటెన్లు కడితే జనం బాగుపడతారని సంఘం పెట్టారు. మొదటిదానికి రోజుకు 7,000 మంది దాకా వచ్చేవారట. ఇలా తెలుగు రాజు ఒకాయన తెల్లవాళ్ళ రాజధాని నడిబొడ్డున చలివేంద్రం పెట్టించాడు.

ఎక్కడుందది? లేదు. గడ్డిలో వెతగ్గా వెతగ్గా నేలకి అతికించిన ఓ పలక కనపడింది. విజయనగరం మహారాజావారి కానుకగా ఫౌంటెన్ ఇక్కడ ఉండేదని రాశారు. 1964లో తీసేశారు. అదే 1964లో స్టోక్ రోలో కాశీరాజు నూతికి నూరేళ్ళ పండగ జరిగితే రాణీగారి భర్త ఫిలిప్ స్వయంగా వచ్చాడు! నాకు కాస్త రోషం వచ్చిన మాట నిజం. మనూరి పరువు కదండీ. పలక మీద చెప్పుల కాళ్ళతో నిలబడి ఫోటో తీసుకుంటున్న ఓ కుర్రాణ్ణి పక్కకి జరగమన్నాను. తెలుగులోనే అన్నాను. జరిగాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాతి కట్టడం నూరేళ్ళు నిలవలేదు, ఆ పల్లె పబ్బు నాలుగొందల ఏళ్ళకి దగ్గర పడుతోంది. కుళాయిలు వచ్చాయి, ఫౌంటెన్ అక్కర్లేకపోయింది అంటారు. కుళాయిలు వస్తే నూతిదీ అదే గతి కావాలి. ఇంట్లోనే సీసాలు దొరుకుతున్నాయి, పబ్బు కూడా పోవాలి.

మా మామ్మ గుర్తొచ్చింది. వైశాఖం వస్తే ఆవిడ వీధి అరుగు మీద తడి ఇసక పోసి రెండు కుండలు పెట్టేది. వట్టివేళ్ళు వేసేది. సంతకి వచ్చే బళ్ళవాళ్ళూ, గంపల ఆడవాళ్ళూ ఆగేవారు. నిలబడి గడగడా తాగబోతే ఊరుకునేది కాదు. “కూకో, కూకుని తాగు. నిలబడి తాగితే దాహం తీరదు” అనేది. వాళ్ళు అరుగుమీద కూలబడి, నీళ్ళు తాగి, తలపాగా తీసి విసురుకుంటూ ఊరి కబుర్లు చెప్పేవారు. గంపల ఆడవాళ్ళు చంటిపిల్లలకి పాలిచ్చుకునేవారు. మా ఇంట్లో మామ్మకి ఊళ్ళో సంగతులన్నీ తెలిసేది అలాగే. మగాళ్ళు తెచ్చే పేపరు ఆవిడ ముట్టుకునేది కాదు.

మన రాజుగారి ఫౌంటెన్ దగ్గర కూర్చోవడానికి అరుగేదీ? కప్పేదీ? చలికాలంలో వణుకుతూ చల్లటి నీళ్ళు తాగి ఎంతసేపు నిలబడతాడు ఎవడైనా? పెద్దమనుషులు మనిషికున్న దాహాన్నే చూశారు. పనిలోంచి తడిసి వచ్చిన కూలివాడికి కావలసింది పొయ్యి, కప్పు, పక్కన ఓ మనిషి. అతని కొంపలో పొయ్యి లేదు గనకే పబ్బు పొయ్యి దగ్గర చేరాడు. దానికి అద్దె కింద బీరు కొన్నాడు.

అలాగని పబ్బుని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఆ పొయ్యి దగ్గర ఖర్చయిన కూలి డబ్బుకి ఇంటి దగ్గర ఏడ్చిన తెల్ల ఇల్లాళ్ళు కూడా లక్షలమంది ఉండేవుంటారు. మన సారాకొట్టుకైతే ఆ ఇల్లు అనే ముచ్చట కూడా లేదు. గురజాడవారు 1909లో వేసిన రెండో కూర్పు ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం ఒకటి పెట్టారు. బైరాగీ హవల్దారూ అక్కడ చేరి వేదాంతం మాట్లాడుకుంటారు. అది చదివితే నవ్వొస్తుంది. పక్కింటి ఆడది కథ చెప్తే నవ్వు రాదు. మనకి ఆ దుకాణం సర్కారు వేలం పాట వేసి డబ్బు చేసుకునే చోటు. నాలుగు తాటాకులూ ఓ బల్లా చాలు. ఏడాదికో పాటగాడు మారతాడు, ఎవడు దానికి దూలం వేయిస్తాడు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై ఊరూరా ఆడవాళ్ళు ఆ కొట్లమీద పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. కొట్లు కూలిపోయాయి. వాటి కోసం పలక వేయించాలని ఎవరికీ తోచలేదు. మా దగ్గరదారి కొట్టు కూడా పోయింది. ఆ ఏడు సంక్రాంతికి మా అమ్మ మొట్టమొదటిసారి ఆ వీధిలోంచి నడిచి కోట దగ్గరికి వెళ్ళింది. ఇంత దగ్గరా అని ఆశ్చర్యపోయింది.

అది పోయింది గాని, దాంతోపాటు మా అరుగూ పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందర ఆరడుగులు తీసేశారు. ఇప్పుడు గేటు తీస్తే రోడ్డే. సాయంత్రం పూట మా వీధి మగాళ్ళు టీ దుకాణం దగ్గర చేరతారు. ఆడవాళ్ళం ఎవరింట్లో వాళ్ళం టీవీ ముందు ఉంటాం. గంపల ఆడవాళ్ళు మాత్రం ఇంకా వస్తున్నారు, గేటు బయట ఎండలో నిలబడే కూర బేరం చేస్తారు.

అన్నట్టు ఆ రోజు పబ్బులో జరిగింది చెప్పడం మరిచాను. అల్లుడు తన కోసం ఏదో చెప్పాడు, నావైపు చూడకుండా. మావారు నిమ్మరసం అన్నారు. నన్ను అడిగితే, “నాకు ఉత్త మంచినీళ్ళు చాలు బాబూ, దానికేమైనా తీసుకుంటారేమో కనుక్కో” అన్నాను. అల్లుడు నవ్వాడు. 2010 నుంచి ఇక్కడ చట్టం ఉందిట, పబ్బుకి వచ్చి అడిగినవాళ్ళకి మంచినీళ్ళు ఊరికే ఇచ్చి తీరాలిట. ఓ అమ్మాయి గాజు కూజా నిండా తెచ్చి నా ముందు పెట్టి, నా చీర అంచు బాగుందని మెచ్చుకుంది. పొయ్యి పక్క బల్ల దగ్గర కూర్చునే తాగాను. రెండు గ్లాసులు.